ఎనిమిదవ తరగతి పిమ్మట నవోదయ ప్రవేశము

ప్రతి సంవత్సరము దసరా సెలవులు దగ్గఱపడు దినములలో మా పాఠశాల వసారాయందు ఒకరిద్దఱు తలిదండ్రులు నిలిచి మమ్మడుగు ప్రశ్న యొకటి గలదు. “మావాడు ఎనిమిది చదువుతున్నాడు గదా అయ్యవారూ, వాణ్ని నవోదయలో చేర్చేదానికి ఇప్పుడేమన్నా వీలుందా?” అని వారందురు. ఐదవ తరగతి చదువుచు ఆరవ తరగతి ప్రవేశమునకు వ్రాయు పరీక్షనుగూర్చి వెలిగండ్ల ప్రాంతమున తెలియనివారు తక్కువ. ఎనిమిదవ తరగతి చదువుచు తొమ్మిదవ తరగతిలో చేరుటకు వేరొక పరీక్ష గలదని తెలిసినవారును తక్కువయే. తెలిసినవారికి సయితము అందలి నియమములును, కష్టములును సరిగా తెలియకపోవుటచే కొందఱు వ్యర్థమైన ఆశలు పెట్టుకొనుచున్నారు. మఱికొందఱు తగిన బిడ్డలుండియు ఊరకున్నారు. ఈ రెండు పొరపాట్లును తొలగవలెనని యీ వ్యాసము వ్రాయుచున్నాము.

మొదట ఈ పాఠశాలలు ఎట్లు పుట్టినవో తెలిసికొందము. పల్లెలో పుట్టిన తెలివిగల బిడ్డకు, తండ్రి చేతిలో డబ్బు లేకున్నను, మేలైన చదువు దొరకవలెనను తలంపు తెలుగువారికి క్రొత్తది కాదు. 1971లో శ్రీ పి. వి. నరసింహారావుగారు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా నున్న కాలమున నల్లగొండ జిల్లా సర్వేలులో ప్రభుత్వ గురుకుల పాఠశాల స్థాపింపబడెను. మఱుసటి సంవత్సరము గుంటూరు జిల్లా తాడికొండలోను, అనంతపురము జిల్లా కొడిగెనహళ్లిలోను అట్టి పాఠశాలలే వెలసెను. 1985లో ఆయనయే కేంద్ర ప్రభుత్వమున మానవ వనరుల అభివృద్ధి మంత్రి యయ్యెను. ఆ కాలముననే, 1985–86లో, హర్యానాలోని ఝజ్జరునందును, మహారాష్ట్రములోని అమరావతియందును మొదటి రెండు నవోదయ విద్యాలయములు తెఱవబడినవి. 1986 నాటి జాతీయ విద్యావిధానము జిల్లాకొక నవోదయ యుండవలెనని పలికెను. నేడు తమిళనాడు తప్ప దేశమంతట ఇట్టివి 650కి పైగా నున్నవి. ఆరు మొదలు పండ్రెండు వరకు తరగతులు, బాలబాలికలకు వేర్వేరు వసతిగృహములు, కేంద్ర మాధ్యమిక విద్యామండలివారి పాఠ్యక్రమము వీని లక్షణములు. భోజనము, వసతి, దుస్తులు, పుస్తకములు ఉచితము. మన ప్రాంతమువారు ఎఱిగిన నవోదయలు రెండు. ఒకటి తూర్పున ఒంగోలులోను, రెండవది ఉత్తరమున మార్కాపురము దగ్గఱ తర్లుపాడు మండలములోని కలుజువ్వలపాడులోను గలవు.

ఈ పాఠశాలలకు సింహద్వారము ఆరవ తరగతి. అందు ఒక్కొక్క విద్యాలయమున 80 మందికి మించకుండ చేర్చుకొందురు. కనీసము నూటికి 75 స్థానములు పల్లెటూళ్ల బిడ్డలకును, మూడింట నొకవంతు స్థానములు బాలికలకును దక్కవలెనని నియమము. ఆ పరీక్షను ఒక విద్యార్థి ఒక్కసారి మాత్రమే వ్రాయవచ్చును. ఆ పిమ్మట రెండు మూడేండ్లలో కొందఱు బిడ్డలు ఇంటిపై బెంగచేతనో, ఆరోగ్యముచేతనో, తలిదండ్రులు దూరప్రాంతమునకు పోవుటచేతనో బడి విడుతురు. వారు విడిచిన స్థానములను తొమ్మిదవ తరగతి యారంభమున వేఱొక పరీక్ష పెట్టి నింపుదురు. దీనినే పార్శ్వ ప్రవేశ పరీక్ష యందురు. పదునొకండవ తరగతిలో మిగిలిన స్థానములకును ఇట్టి పరీక్షయే గలదు.

నడుమ తరగతిలో నిట్లు ఖాళీలు నింపుట మన దేశమునకు మాత్రమే చెల్లిన పద్ధతి కాదు. తెలుగు కుటుంబములు అనేకము కాపురముండు సిడ్నీ నగరమున, న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వమువారు ప్రతిభనుబట్టి విద్యార్థుల నెన్నుకొను ఉన్నత పాఠశాలలను నడుపుచున్నారు. అచ్చటను ముఖ్య ప్రవేశము ఏడవ తరగతిలోనే. ఎనిమిది మొదలు పండ్రెండు వరకు ఖాళీ యేర్పడినంత మట్టుకే దరఖాస్తులను పుచ్చుకొందురు. ఎచ్చటనైనను ఈ తలుపు ఇఱుకు. ఆరవ తరగతిలో 80 స్థానములకు పోటీ. తొమ్మిదవ తరగతిలో నెన్ని స్థానములకు పోటీయో ఆ సంవత్సరపు ఖాళీలనుబట్టి యుండును. ఒక్కొక్కచోట అవి వ్రేళ్లమీద లెక్కింపదగినన్నియే. ఈ సంగతి బిడ్డకు దాచక చెప్పుట మొదటి ధర్మము.

ఇక నర్హతలు. ఇవి నాలుగు. మొదటిది, ఆ విద్యాసంవత్సరమున బిడ్డ ఎనిమిదవ తరగతి చదువుచుండవలెను. అంతకుముందే ఎనిమిదవ తరగతి ముగించినవారు పనికిరారు. రెండవది, చదువుచున్న బడి ప్రభుత్వమువారిదైనను, ప్రభుత్వ గుర్తింపు గలదైనను కావలెను. మిషను పాఠశాలలు గుర్తింపు గలవి గనుక మన విద్యార్థులకు ఇందు అడ్డు లేదు. మూడవది, ఆ బడియు, బిడ్డ నివాసమును నవోదయ యున్న జిల్లాలోనే యుండవలెను. నాలుగవది వయస్సు. 2025–26 విద్యాసంవత్సరపు ప్రవేశమునకు 2010 మే 1 మొదలు 2012 జులై 31 వరకు పుట్టినవారినే అనుమతించిరి. ఈ హద్దు ప్రతి సంవత్సరము ఒక్కొక్క యేడు ముందుకు జరుగును. ఏ వర్గమువారికిని ఇందు సడలింపు లేదు. ఆరవ తరగతి పరీక్షలో తప్పిన బిడ్డ మరల దీనిని వ్రాయవచ్చును. ఐదవ తరగతినాడు అందనిది ఎనిమిదవ తరగతినాడు అందవచ్చును గదా.

మూడవ నియమము మన ప్రాంతమువారికి మిక్కిలి ముఖ్యము. వెలిగండ్ల, కనిగిరి, పామూరు ప్రాంతములు వానకై యాకాశమువైపు చూచు మెట్టభూములు. వాన తప్పిన యేట కుటుంబములు హైదరాబాదునకో, బెంగుళూరునకో, గుంటూరు వైపునకో కూలికై తరలిపోవుట అందఱెఱిగినదే. బిడ్డను వెంట దీసికొనిపోయి ఎనిమిదవ తరగతి అచ్చటి బడిలో చేర్చినచో, మరుసటి యేట సొంత జిల్లాలోని నవోదయకు దరఖాస్తు పెట్టు నర్హత పోవును. ఆ యొక్క సంవత్సరము బిడ్డను అవ్వ యొద్దనో, మేనమామ యింటనో, ఏదేని వసతిగృహముననో ఉంచి ఊరి బడిలోనే చదివింపగలిగినచో నర్హత నిలుచును. వలస పోవుటకు ముందే యీ సంగతి తలిదండ్రులకు తెలియవలెను; తరువాత తెలిసి ప్రయోజనము లేదు.

జిల్లా యనగా నేది యని మఱియొక సందేహము పుట్టవచ్చును. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినపుడు కనిగిరి ప్రాంతము నెల్లూరు జిల్లానుండియు, మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములు కర్నూలు జిల్లానుండియు వచ్చి చేరినవి. రెండేండ్ల పిమ్మట దానికి ప్రకాశము పంతులుగారి పేరు పెట్టిరి. 2022లో రాష్ట్రమునందలి 13 జిల్లాలు 26 అయినవి. హద్దులిట్లు మారుచునే యుండును. క్రొత్తగా చీలిన జిల్లాలో నవోదయ తెఱవని పక్షమున పాత జిల్లా హద్దులనే ప్రవేశమునకు లెక్కింతురని నవోదయ విద్యాలయ సమితివారు తమ ప్రకటనలలో చెప్పుచున్నారు. కావున ఊరివారి మాటనుబట్టి గాక, ఆ యేటి ప్రకటనను చదివి, తమ మండలము ఏ విద్యాలయమునకు చెందునో నిర్ధారణ చేసికొనవలెను.

పరీక్ష యెట్టిదో చూతము. దీనికి కాలము రెండున్నర గంటలు, మార్కులు 100. గణితమునకు 35, సామాన్య విజ్ఞానశాస్త్రమునకు 35, ఇంగ్లీషునకు 15, హిందీకి 15. ప్రశ్నలన్నియు ఎనిమిదవ తరగతి స్థాయివి. సరియైన సమాధానమును ఎన్నుకొని జవాబు పత్రముపై వృత్తమును నింపవలెను. సాధారణముగా ఈ పరీక్ష ఫిబ్రవరి మాసమున జరుగును. 2025లో ఫిబ్రవరి 8వ తేదీన జరిగినది.

ఇచ్చటనే మన బిడ్డలకు అసలు కష్టము. ఆరవ తరగతి ప్రవేశ పరీక్షను తెలుగులో వ్రాయవచ్చును. తొమ్మిదవ తరగతి పరీక్షాపత్రము ఇంగ్లీషు, హిందీ భాషలలోనే యుండును. తెలుగులో గణితము చక్కగా నేర్చిన బాలుడు కూడ ప్రశ్న యర్థముగాక నిలిచిపోవుటకు వీలున్నది. దీనికొక యుదాహరణ మిత్తుము. ఒక చేను సమలంబ చతుర్భుజాకారమున నున్నది. సమాంతరముగా నున్న గట్లు రెండింటిలో నొకటి 40 మీటర్లు, రెండవది 60 మీటర్లు. వాని నడుమ దూరము 30 మీటర్లు. వైశాల్యమెంత? మా తరగతిలోని బిడ్డలు 40ని 60ని కూడి, 100లో సగము 50 తీసికొని, దానిని 30చే గుణించి 1500 చదరపు మీటర్లని తడువుకొనక చెప్పిరి. అదే లెక్కను మరునాడు ఇంగ్లీషులో నల్లబల్లపై వ్రాసితిమి. ట్రెపీజియం అను మాటను జూచి తరగతిలో సగము మంది కలములు క్రింద పెట్టిరి. వారికి రానిది లెక్క కాదు. లెక్క యొక్క పేరు మాత్రమే.

కావున ఈ పరీక్షకు సిద్ధపడుట యనగా క్రొత్త గణితము నేర్చుట కాదు. నేర్చిన గణితమునకు రెండవ పేరు నేర్చుట. ఘర్షణ యన్నచో ఫ్రిక్షన్, పీడనము ప్రెషర్, దహనము కంబష్చన్, వర్గమూలము స్క్వేర్ రూట్, కారణాంకము ఫ్యాక్టర్ అని పేరు పేరునకు జతకట్టి వ్రాసికొనవలెను. గణితమున మూడు నాలుగు వందలు, విజ్ఞానశాస్త్రమున మఱికొన్ని వందలు ఇట్టి మాటలు వచ్చినచో ప్రశ్నాపత్రములోని తెర తొలగును. 2020 తరువాత మన రాష్ట్రమున వచ్చిన ద్విభాషా పాఠ్యపుస్తకములలో ఒక పుటయందు తెలుగు, ఎదుటి పుటయందు ఇంగ్లీషు ముద్రించిరి. చాలమంది బిడ్డలు ఒక ప్రక్క పుటనే చదివి రెండవ ప్రక్కను వదలివేయుదురు. అట్టి పుస్తకము చేతనున్న బిడ్డకు వేఱొక గైడుతో పనిలేదు. తెలుగు పుటలో పాఠమును గ్రహించి, వెంటనే ఎదుటి పుటను పైకి చదివి, తెలియని మాట క్రింద గీత గీసి, సాయంకాలము అయ్యవారిని అడిగిన చాలును. కేంద్ర పాఠ్యక్రమపు పుస్తకములను చూడగోరువారికి అవి జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలివారి వెబ్‌సైటులో ఉచితముగా దొరకును.

శిక్షణ కళాశాలలో మా గురువులు మాకు నేర్పిన సూత్రమొకటి యిచ్చట పనికివచ్చును. తెలిసినదానినుండి తెలియనిదానికి పోవలెనుగాని, తెలియనిదానినుండి తెలియనిదానికి పోరాదు. దసరానుండి ఫిబ్రవరి వరకు నాలుగు మాసములు ఉన్నవి. మొదటి రెండు మాసములు ఎనిమిదవ తరగతి గణితమును తెలుగులోనే తప్పులేకుండ దిద్దుకొనుటకు వెచ్చింపవలెను. అకరణీయ సంఖ్యలు, ఏకచరరాశి సమీకరణములు, చతుర్భుజములు, వర్గములు, ఘనములు, శాతములు, వైశాల్యములు, ఘనపరిమాణములు, ఘాతాంకములు, కారణాంక విభజన ఇందు ముఖ్యములు. మూడవ మాసమున అవే లెక్కలను ఇంగ్లీషులో చదివి చేయవలెను. నాలుగవ మాసమున గడియారము ముందుంచుకొని 150 నిమిషములలో 100 మార్కుల పత్రమును పూర్తిచేయుట అలవరచుకొనవలెను. హిందీ మన బిడ్డలకు ఆరవ తరగతినుండి పాఠ్యవిషయమే. దినమునకొక పుట పైకి చదివి, పది మాటలు చూచి వ్రాసినచో 15 మార్కుల విషయము భయపెట్టదు. నూటికి 70 మార్కులు గణిత విజ్ఞానములవే యని మఱవరాదు.

దరఖాస్తు పెట్టుట కష్టమైన పని కాదు, రుసుము లేదు. నవోదయ విద్యాలయ సమితివారి వెబ్‌సైటులోనే నింపవలెను. గడువు ఆ యేటి ప్రకటననుబట్టి యుండును. బిడ్డ ఛాయాచిత్రము, బిడ్డ సంతకము, తండ్రి లేక తల్లి సంతకము జతపరుపవలెను. ఊరిలోని ఇంటర్నెట్టు అంగడిలో నింపించువారు, నింపినవానిని నమ్మి వదలక, పంపుటకు ముందు ప్రతి యక్షరమును తామే చదివించుకొని వినవలెను. పుట్టిన తేదీ, తండ్రి పేరు, చదువుచున్న బడి పేరు, జిల్లా, ఈ నాలుగింటిలో నొక్కటి తప్పినను తరువాత చిక్కులు వచ్చును. దరఖాస్తు సంఖ్యను పుస్తకములో వ్రాసి పెట్టుకొననివారు ప్రవేశపత్రము తీసికొను దినమున కలవరపడుటను చూచియున్నాము.

మన బిడ్డల విషయమున నొక సంగతి ప్రత్యేకముగా చెప్పవలెను. చాలమందికి ఇంట నొక పేరు, సంఘములో నొక పేరు, బడి పట్టీలో నొక పేరు ఉండును. ఆధార్ కార్డుపై నాలుగవ విధముగా అక్షరములు పడినవారును గలరు. దరఖాస్తులో ఇంటిపేరు ముందో, వెనుకనో, పూర్తిగానో, పొడి యక్షరముగనో యనునది అల్పవిషయముగా తోచును. ఎంపికైన పిమ్మట కాగితములను సరిచూచునపుడు అదియే పెద్ద విషయమగును. కావున ఎనిమిదవ తరగతిలో చేరిన జూన్ మాసముననే బడి పట్టీ, జనన ధ్రువపత్రము, ఆధార్ కార్డు మూడింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచుకొని, భేదమున్నచో అప్పుడే దిద్దించుకొనవలెను.

ఎంపికైనవారి పట్టికతోపాటు నిరీక్షణ పట్టిక యొకటి తయారగును. మొదట పిలువబడినవారు చేరకున్నచో నిరీక్షణలోనివారిని పిలుతురు. జనన ధ్రువపత్రము, నివాస ధ్రువపత్రము, ఎనిమిదవ తరగతి మార్కుల పత్రము, కుల ధ్రువపత్రము, వైద్యుని ధ్రువపత్రము అప్పుడు కావలెను. ఇందు మేము చేతులు జోడించి చెప్పునది యొకటున్నది. చేర్చుకొందుమని విద్యాలయమువారు కాగితముపై తెలిపిన గాని ఇప్పటి బడినుండి బదిలీ పత్రము తీసికొనవలదు. పేరు పట్టికలో వచ్చునను నమ్మకముతో ముందే బదిలీ పత్రము తీసికొని, ఉన్న స్థానము పోగొట్టుకొని, మరల చేరుటకు తిరుగువారి యవస్థ చెప్పనలవి కాదు.

చేరుటకు ముందు తలిదండ్రులు ఆలోచింపవలసినవి మఱికొన్ని గలవు. భోజన వసతులు ఉచితమే యైనను, తొమ్మిదవ తరగతినుండి విద్యాలయ వికాసనిధి యను పేర నెలకు 600 రూపాయలు పుచ్చుకొను నియమము గలదు. బాలికలకును, షెడ్యూల్డు కులములు, తెగల బిడ్డలకును, దారిద్ర్యరేఖకు దిగువనున్న కుటుంబములవారికిని ఇది లేదు. ప్రభుత్వోద్యోగుల బిడ్డలకు అంతకెక్కువ గలదు. తొమ్మిదవ తరగతిలో కొందఱు విద్యార్థులను ఒక సంవత్సరముపాటు వేఱొక భాషా ప్రాంతమునందలి నవోదయకు పంపు ఆచారము ఆ సంస్థయందున్నది. దేశములోని బిడ్డలు ఒకరినొకరు ఎఱుగవలెనను నుద్దేశముతో నేర్పరచినదది. ఇల్లు విడిచి యెఱుగని బిడ్డకిది క్రొత్త యనుభవము. కొందఱికి మేలు చేయును, కొందఱికి దిగులు కలిగించును. బోధన ఇంగ్లీషు, హిందీ భాషలలో నుండును గనుక మొదటి యాఱు మాసములు మార్కులు తగ్గవచ్చును. ఊరి బడిలో మొదటివాడుగా నుండిన బిడ్డ అచ్చట ఇరువదవవాడు కావచ్చును. దానిని తట్టుకొను ధైర్యమును తలిదండ్రులు ముందుగనే నూరిపోయవలెను. అన్నిటికంటె మొదట బిడ్డనే యడుగవలెను. బిడ్డ యిష్టము లేక తండ్రి పట్టుదలతో చేరినవాడు ఖాళీ స్థానములో చేరి, మరల దానిని ఖాళీ చేసి వచ్చును.

ఇంతవరకు తలిదండ్రులకు చెప్పితిమి. ఉపాధ్యాయులమైన మాకు మేము చెప్పుకొనవలసినది మిగిలినది. అది చెప్పుట మాకు సులభము కాదు.

కొన్నేండ్ల క్రిందట మా యెనిమిదవ తరగతిలో నొక బాలిక యుండెను. లెక్కలలో ఆమెకు సాటి వచ్చువారు మా బడిలో లేరు. తలిదండ్రులు హైదరాబాదులో ఇండ్ల కట్టుబడి పనికి పోయిరి. ఆమె అవ్వ యొద్ద నుండి చదివెను. దసరాకు వచ్చిన తండ్రి బడికి వచ్చి, “పాపను ఆ పరీక్షకు కట్టించమంటారా అయ్యవారూ?” అని యడిగెను. మేము, “ఇక్కడ నీ బిడ్డకేమి తక్కువైనది? తొందరపడవద్దు, వచ్చే యేడు చూతములే” అంటిమి. ఆయన మా మాటను మీఱువాడు కాడు. తల యూపి పోయెను. ఆ మాట నిజమా యని మేము విచారింపలేదు. తొమ్మిదవ తరగతికి పోయిన బిడ్డకు ఆ పరీక్ష వ్రాయు నర్హత లేదను సంగతి గడువు దాటిన పిమ్మటనే ప్రకటన చదివి తెలిసికొంటిమి. ఆ తప్పు అజ్ఞానముచే మాత్రమే జరిగినదని చెప్పుకొన్నచో అసత్యమగును. పదవ తరగతి ఫలితములలో ఆమె మా బడికి పేరు తెచ్చునని మేము లోలోపల నాశపడియుంటిమి. మా నోట “తొందరపడవద్దు” అనిపించినది ఆ యాశయే.

ఆమె పదవ తరగతిలో మంచి మార్కులే తెచ్చుకొనెను. మేమాశించిన పేరు మా బడికి వచ్చెను. బదిలీ పత్రమునకై వచ్చిన దినమున తండ్రి, “మీరు చెప్పినట్టే చేసినాము గదా అయ్యవారూ” అని నవ్వుచు నమస్కరించెను. ఆయన మాటలో నిందలేదు. ఉండినచో మాకింత బాధ యుండకపోవును. నవోదయలో చేరినచో ఆమె యేమయ్యెడిదో మేము చెప్పలేము. ఆ పరీక్షలో ఎంపికయ్యెడిదో లేదో కూడ చెప్పలేము. వ్రాసి తెలిసికొను హక్కు ఆమెది. దానిని మేము మా చేతిలో నుంచుకొంటిమి.

ఉత్తమ విద్యార్థులందఱు పోయినచో ఊరి బడులు ఏమి కావలెనని కొందఱు తోటి యుపాధ్యాయులడుగుదురు. ప్రశ్న న్యాయమైనదే. తరగతిలో నొక తెలివిగల బిడ్డ యుండుటచే ప్రక్కనున్న పదిమందియు మెలకువతో నుందురు. ఆ లోటు మేమును చూచియున్నాము. అయినను బిడ్డ బడి కొఱకు పుట్టలేదు. బడియే బిడ్డ కొఱకు పుట్టినది. మార్కాపురమున తీసిన పలకలు దూరదేశపు బడులకు కూడ పోయిన దినములుండెను. ఆ పలకరాళ్ల గనులలోను, పలకలు చేయు కర్మాగారములలోను పనిచేసిన వారిలో బడి మొగము చూడని చిన్నపిల్లలును ఉండిరి. ఇతరుల చదువునకు తమ చేతులరుగదీసికొని, తమ చదువును పోగొట్టుకొనిన బిడ్డలను చూచిన ప్రాంతమిది. ఇట్టిచోట బిడ్డకు తెఱచిన తలుపును మన బడి మేలు కొఱకు మూయుట మనకు తగదు.

అందుచేత ఆ సంవత్సరమునుండి మా తరగతిలో నొక యేర్పాటు చేసికొంటిమి. ప్రకటన వెలువడిన దినముననే దానిని ఎనిమిదవ తరగతి బిడ్డలందఱకు చదివి వినిపింతుము. మొదటి వరుసవారికే గాక అందఱకును చెప్పుదుము. ఏలయన ఎవరు వ్రాయవలెనో మేము ముందుగా నిర్ణయించుట మరల ఆ తప్పే యగును. వ్రాయగోరిన వారికి సాయంకాలము నలుబది నిమిషములు ఎదుటి పుట చదివింతుము. ఇంతవరకు ఎంపికైనవారు కొద్దిమంది. ఎంపికగానివారు సయితము తొమ్మిదవ తరగతిలో ఇంగ్లీషు మాట జూచి కలము క్రింద పెట్టుట మానిరి. ఆ శ్రమ వృథా పోలేదు.

ఎంపిక కానివారికి ఇతర తలుపులును గలవు. ఆంధ్రప్రదేశ్ గురుకుల విద్యాలయ సంస్థవారు ఐదవ తరగతితోపాటు ఆరు, ఏడు, ఎనిమిది తరగతులలో మిగిలిన స్థానములను కూడ ప్రవేశ పరీక్షచే నింపుచు వచ్చిరి. కావున చిన్న తరగతుల బిడ్డలు ఆ ప్రకటనను కనిపెట్టియుండవలెను. బడి మానిన బాలికలకును, పేద బాలికలకును 2004లో మొదలైన కస్తూరిబా గాంధీ బాలికా విద్యాలయములలో పై తరగతుల ఖాళీలు దొరకుట గలదు. పదవ తరగతి చదువుచున్నవారికి నవోదయ పదునొకండవ తరగతి పరీక్ష యున్నది. అందు తర్కశక్తి, ఇంగ్లీషు, విజ్ఞానశాస్త్రము, సాంఘికశాస్త్రము, గణితము ఒక్కొక్కటి 20 మార్కులవి. ఒక పరీక్షలో పేరు రానంత మాత్రమున తెలివి లేదని యర్థము కాదు. ఖాళీలు అయిదున్నచోట ఆఱవవాడు తెలివి తక్కువవాడా? ఆ సంవత్సరము ఆఱవ మంచము లేకపోయినది, అంతియే.

విద్యార్థులారా, మీలో ఎనిమిదవ తరగతికి వచ్చువారు ఈ సంగతిని జూన్ మాసమునుండియే మనసులో నుంచుకొనుడు. పుస్తకములో ఎదుటి పుటను చదువుడు. తలిదండ్రులారా, కాగితములు సరిచూచుకొనుడు. వలస పోవుటకు ముందు మమ్మొకమారు అడుగుడు. తోటి యుపాధ్యాయులారా, ఎవరైన తండ్రి వసారాలో నిలిచి యడిగినప్పుడు, “వచ్చే యేడు చూతములే” అనకుడు. వచ్చే యేడు ఆ బిడ్డ ఎనిమిదవ తరగతిలో నుండదు.